యంత్రానికి పేజీని వర్ణించిన భాషలు

ఈ ప్రత్యేక సంచికకు ముద్రణ విభాగం తరఫున ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు, మొదట సీసపు అక్షరాల రోజుల గురించే వ్రాద్దామనుకున్నాను. కేసులు, గాలీలు, కంపోజింగు స్టిక్కులు, గోళ్ళసందున ఇంకిపోయిన సిరా - వీటి గురించి మన మిత్రులు వెనుకటి సంచికల్లో చక్కగానే వ్రాశారు. మళ్ళీ అదే పాట నేనెందుకు పాడాలి? వాటి తరువాత వచ్చినదాని గురించి మాత్రం ఎవరూ వ్రాయలేదు. 1993లో మన విభాగంలో ఒక మూల గదికి ఏ.సి. బిగించి, చెప్పులు బయట విడవమని బోర్డు పెట్టి, ఒక కంప్యూటరూ ఒక లేసర్ ప్రింటరూ తెచ్చి పెట్టారు గదా. చాలామంది సభ్యులకు ఆ చల్లని గదే జ్ఞాపకం ఉండి ఉంటుంది. నేను 1969లో డిస్ట్రిబ్యూటరుగా చేరి, కంపోజిటరునై, చివరి పదమూడేళ్ళు ఆ గదిలో గడిపి 2006లో పదవీ విరమణ చేశాను. కాబట్టి ఆ గదిలోని యంత్రం ఏ భాషలో మాట్లాడేదో, ఆ భాష ఎక్కడ పుట్టిందో చెప్పడం నా వంతు అనుకుంటున్నాను.

ఇప్పుడే ఎందుకంటే దానికొక కారణం ఉంది. మన వార్తాలేఖ పాత సంచికలన్నింటికీ సూచిక తయారు చేసే పని పోయిన సంవత్సరం నాకు అప్పగించారు. ఆ పనిలో ఒక చిక్కు ఎదురైంది. ఆ చిక్కు మూలం నలభై యాభై ఏళ్ళ క్రితం అమెరికాలో కొందరు తీసుకున్న నిర్ణయాల్లో ఉందని తెలియడానికి నాకు కొంతకాలం పట్టింది. వరుసగా చెబుతాను.

సీసపు అచ్చులో పేజీ అంటే చేత్తో ఎత్తగలిగిన వస్తువు. బరువు ఉంటుంది, జారిపడితే చెల్లాచెదరవుతుంది. దానిని ఇంకొక ఊరి ప్రెస్సుకు పంపాలంటే పెట్టెలో సర్ది పంపాలి. కంప్యూటరు వచ్చాక పేజీ వస్తువు కాకుండా పోయింది; వర్ణన అయింది. ఇక్కడ ఒక పేజీ తయారైతే, అక్కడున్న యంత్రానికి అది ఎలా ఉంటుందో మాటల్లో చెప్పాలి. అలా చెప్పడానికి రెండు దారులున్నాయి. పేజీ మొత్తాన్నీ సన్నని చుక్కలుగా చేసి, ఇది నలుపు, ఇది తెలుపు అని ఒక్కొక్క చుక్కనూ అప్పజెప్పడం ఒకటి. "ఫలానా చోట ఫలానా అక్షరం ఇంత సైజులో వెయ్యి, ఇక్కడినుంచి అక్కడికి గీత గియ్యి" అని ఆజ్ఞలు ఇవ్వడం రెండవది.

చుక్కల దారి పాతది. 1957లో అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో రస్సెల్ కిర్ష్ అనే ఇంజనీరు, సహచరులతో కలిసి, ఫోటోను కంప్యూటరులోకి ఎక్కించే స్కానరు తయారు చేశారు. తిరిగే డ్రమ్ముమీద మూడు నెలల తన కొడుకు ఫోటోను చుట్టి చదివించారు. వచ్చిన బొమ్మ నిలువు 176 చుక్కలు, అడ్డం 176 చుక్కలు. అంటే మొత్తం 30,976. ఒక్కొక్క చుక్క నలుపో తెలుపో, మధ్యే మార్గం లేదు. ఈనాడు మనుమల ఫోటోలు ఫోనులో తీసుకునే మన సభ్యులందరూ ఆ పసివాడి బొమ్మకు వారసులే.

చుక్కలన్నీ ఉన్నవి ఉన్నట్టు పంపితే తంతి ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకు ఉపాయం ఫ్యాక్సువాళ్ళు కనిపెట్టారు. 1980లో అంతర్జాతీయ తంతి, టెలిఫోను సలహా సంఘం 'గ్రూప్ 3' అనే ప్రమాణం ప్రకటించింది. దాని ప్రకారం పేజీ అడ్డం వరుసలో 1728 చుక్కలు. "తెల్లవి నలభై, నల్లవి మూడు, మళ్ళీ తెల్లవి వంద" అన్నట్టు గుంపుల లెక్క చెబుతుంది. తరచు వచ్చే లెక్కలకు పొట్టి సంకేతాలు, అరుదైనవాటికి పొడుగు సంకేతాలు. 1984 నాటి 'గ్రూప్ 4'లో పై వరుసతో పోల్చి తేడా మాత్రమే చెబుతుంది. ఇంట్లో ఉత్తరం వ్రాసేటప్పుడు "మిగతాది క్రితం ఉత్తరంలో వ్రాసినట్లే" అంటాం చూడండి, అలాంటిదే.

స్కానర్లు బల్లలమీదికి వచ్చేసరికి ఇంకొక తంటా వచ్చింది. ప్రతి స్కానరు కంపెనీ తన పద్ధతిలో బొమ్మను దాచేది. ఒకరిది ఇంకొకరు తెరవలేరు. పేజ్‌మేకర్ తయారు చేసిన ఆల్డస్ కంపెనీ 1986లో ఈ గొడవ తీర్చడానికి 'టిఫ్' అనే పద్ధతి ప్రకటించింది. ఫైలు మొదట్లో ఒక చీటీల పట్టీ ఎక్కడుందో చెబుతుంది. ఆ చీటీలమీద వెడల్పు ఇంత, ఎత్తు ఇంత, అంగుళానికి చుక్కలు ఇన్ని, కుదింపు ఈ రకం అని ఉంటుంది. ఫైలు మొట్టమొదటి రెండు అక్షరాలు ఇంటెల్ పద్ధతి అయితే రెండు 'ఐ'లు, మోటరోలా పద్ధతి అయితే రెండు 'ఎమ్'లు. ఆ తరువాత 42 అనే అంకె ఉండి తీరాలి. ఎవరికి తోచిన కొత్త చీటీలు వారు అతికించడంతో టిఫ్ ఫైళ్ళు కూడా ఒకరివి ఒకరికి తెరుచుకోని సందర్భాలు వచ్చాయిగాని, మొత్తంమీద ఆ పద్ధతి నిలిచింది. మన పాత సంచికల స్కాన్లు నేను ఈనాటికీ టిఫ్‌లోనే దాస్తున్నాను.

ఇక రెండవ దారి, ఆజ్ఞల దారి. దీని కథ లేసర్ ప్రింటరుతో మొదలవుతుంది. జిరాక్స్ కంపెనీలో గ్యారీ స్టార్క్‌వెదర్ అనే ఆయన, కాపీయింగు యంత్రంలో అద్దం ముందు కాగితం పెట్టే బదులు లేసర్ కాంతితో నేరుగా డ్రమ్ముమీద వ్రాస్తే ఎలా ఉంటుందని ఆలోచించారు. న్యూయార్కు రాష్ట్రంలోని ఆయన కార్యాలయంలో పైవారికి అది రుచించలేదు. 1971లో కాలిఫోర్నియాలో జిరాక్స్ కొత్తగా పెట్టిన పాలో ఆల్టో పరిశోధన కేంద్రానికి బదిలీ అయ్యి, ఒక కాపీయరును విప్పి అక్కడ తన యంత్రం చేసి చూపించారు. 1977లో అదే జిరాక్స్ 9700 పేరుతో బజారుకు వచ్చింది: అంగుళానికి 300 చుక్కలు, నిమిషానికి 120 పేజీలు.

అంగుళానికి 300 చుక్కలంటే ఎంతో మనలో లెక్కల విభాగంవారు వేసి చూడవచ్చు. ఏ4 కాగితం మీద అడ్డం 2480, నిలువు 3508. మొత్తం సుమారు 87 లక్షల చుక్కలు. చుక్కకొక బిట్టు చొప్పున దాదాపు పదకొండు లక్షల బైట్లు. అదే పేజీలో రెండు వేల అక్షరాల మాటలుంటే, అక్షరాల సంకేతాలకు రెండు వేల బైట్లు చాలు. ఐదువందల రెట్ల తేడా! ఆ రోజుల్లో మెమరీ బంగారంలాంటిది. కాబట్టి చుక్కలు పంపడం కాదు, ఆజ్ఞలు పంపి, ప్రింటరు దగ్గరే చుక్కలు వేయించుకోవాలి అన్నది తేలిపోయింది. ఏ భాషలో ఆజ్ఞ ఇవ్వాలన్నదే మిగిలింది.

ఇక్కడ జాన్ వార్నాక్‌గారు వస్తారు. 1976లో ఆయన ఇవాన్స్ అండ్ సదర్లాండ్ అనే కంపెనీలో న్యూయార్కు ఓడరేవు తాలూకు త్రిమితీయ చిత్రాల సమాచారాన్ని నడిపే పనిలో ఉన్నారు. ఓడ నడపడం నేర్పే ఉత్తుత్తి ఓడరేవు అన్నమాట. ఆ పనికోసం ఆయన సహోద్యోగి జాన్ గాఫ్నీ 'డిజైన్ సిస్టమ్' అనే భాషను ఆలోచించారు. 1978లో వార్నాక్ పాలో ఆల్టో కేంద్రానికి మారి, మార్టిన్ న్యూవెల్‌తో కలిసి ఆ భాషను మళ్ళీ వ్రాశారు. ఇద్దరి పేర్లు కలిపి దానికి 'జామ్' అని పేరు - జాన్ అండ్ మార్టిన్. ఆ కేంద్రంలో అంతకుముందే 'ప్రెస్' అనే పేజీ పద్ధతి వాడుకలో ఉంది. ఈ రెండింటి అనుభవంతో 'ఇంటర్‌ప్రెస్' అనే భాష తయారైంది. ఆ ప్రయోగశాలకు అధిపతి చార్లెస్ గెష్కీ. ఆయన తండ్రీ, తాతా ఫోటో ఎన్‌గ్రేవర్లు, అంటే మన భాషలో బ్లాకు మేకర్లు. ఈ విషయం చదివిన రోజున నాకు ఎందుకో చాలా సంతోషం వేసింది. యాసిడ్ తొట్టి పక్కన పెరిగినవాడికి గాని చుక్క విలువ తెలియదని మా ఫోర్‌మన్‌గారు అంటుండేవారు.

ఇంటర్‌ప్రెస్ మంచి భాషే. అందులో ఒక గొప్ప నియమం ఉంది: ప్రతి పేజీ స్వతంత్రం. ఏడవ పేజీ వెయ్యడానికి ముందు ఆరూ చదవనక్కరలేదు. నిమిషానికి నూరు పేజీలు రెండువైపులా వేసే పెద్ద యంత్రానికి అది అవసరం. అయితే జిరాక్స్ యాజమాన్యం ఆ భాషను తమ యంత్రాలకు ప్రమాణంగా ఒప్పుకుంటూనే, బయటివారికి ఇప్పట్లో చెప్పేది లేదని కూర్చుంది. ప్రమాణం అని పేరు పెట్టి పెట్టెలో తాళం వేస్తే అది ఎవరికి ప్రమాణం? రెండేళ్ళు అందరినీ ఒప్పించి తయారు చేసిన పని అలా మూలపడితే ఎంత బాధగా ఉంటుందో ఉద్యోగం చేసిన మనందరికీ తెలుసు. మనమైతే సెలవు చీటీ వ్రాసి రెండు రోజులు ఇంట్లో కూర్చునేవాళ్ళం. వార్నాక్, గెష్కీ 1982లో రాజీనామా ఇచ్చి సొంత కంపెనీ పెట్టుకున్నారు. వార్నాక్ ఇంటి వెనుక పారే వాగు పేరే దానికి పెట్టారు - అడోబీ. జిరాక్స్ 1984లో ఇంటర్‌ప్రెస్‌ను ప్రకటించింది. కాని అదే సంవత్సరం అడోబీ వాళ్ళ 'పోస్ట్‌స్క్రిప్ట్' కూడా బయటికి వచ్చింది. 1985లో ఎర్ర అట్ట పుస్తకంగా ఆ భాష వ్యాకరణం మొత్తాన్నీ అచ్చువేసి ఎవరికైనా అమ్మారు.

ఆ పుస్తకం ఫోటోకాపీ 1994లో నా చేతికి వచ్చింది. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. కాని పది పేజీలు చదివేసరికి ఒక సంగతి నన్ను ఆకట్టుకుంది. ఈ భాషలో క్రియ చివర వస్తుంది! మూడూ నాలుగూ కలపాలంటే "3 4 యాడ్" అని వ్రాయాలి. మిగిలిన కంప్యూటరు భాషలు చదివిన కుర్రవాళ్ళు ఇదేమిటి తలకిందులుగా ఉందని విసుక్కునేవారు. మనకేం విసుగు? "మూడూ నాలుగూ కూడు" అని మన ఒకటో తరగతి మాస్టారు చెప్పింది అదే వరుసలో గదా. "72 720 మూవ్‌టు" అంటే ఎడమ అంచునుంచి అంగుళం, కింది అంచునుంచి పది అంగుళాలు జరుగు అని. అంగుళానికి 72 పాయింట్లు, లెక్క కింది ఎడమ మూలనుంచి. మన అచ్చుపని పాయింటు అంగుళానికి 72 కంటే రవ్వంత ఎక్కువ పడుతుంది. వాళ్ళు ఆ రవ్వను కొట్టేసి సరిచేశారు. అంకెలు వచ్చినవి వచ్చినట్టు విస్తళ్ళలాగా ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ పోతుంది యంత్రం. క్రియ వచ్చినప్పుడు పైనున్నవి తీసి పని జరుపుతుంది. "షోపేజ్" అనగానే కాగితం బయటికి వస్తుంది.

నేను ఆ భాషలో స్వయంగా వ్రాసిన మొదటి పేజీ పింఛను రిజిస్టరు ఫారం. సీసం రోజుల్లో ఆ ఫారానికి ఇత్తడి రూళ్ళు కత్తిరించి బిగించడం అంటే సగం రోజు పని, ఎంత బిగించినా మూలల్లో గీతలు కలవక సందు కనబడేది. ఇప్పుడు "ముప్పై సార్లు ఇరవై పాయింట్లు దిగుతూ గీత గియ్యి" అని నాలుగు వరుసలు వ్రాస్తే చాలు. మొదటి కాపీ వచ్చినప్పుడు మూలలన్నీ కలిశాయా లేదా అని భూతద్దం పెట్టి చూశాను. కలిశాయి. ఫోర్‌మన్‌గారు దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

పోస్ట్‌స్క్రిప్ట్‌ను ఊరూరా చేర్చింది యాపిల్ కంపెనీ లేసర్‌రైటర్. 1985లో దాని ధర 6,995 డాలర్లు. ప్రింటరులోనే కూర్చున్న కంప్యూటరుకు ఒకటిన్నర మెగాబైట్ల మెమరీ. ఇందాక చెప్పిన పదకొండు లక్షల బైట్ల లెక్క గుర్తుంచుకుంటే, అంత మెమరీ ఎందుకో తెలుస్తుంది. అంతకుముందు సంవత్సరమే హ్యూలెట్ ప్యాకర్డ్ వాళ్ళు లేసర్‌జెట్ అనే ప్రింటరును 3,495 డాలర్లకు, అంటే సగం ధరకే ఇచ్చారు. లోపలి యంత్రం రెండింటిదీ ఒకటే, జపాను వారి కానన్‌ది. తేడా భాషలో ఉంది. లేసర్‌జెట్ మాట్లాడే 'పి.సి.ఎల్.' పొడి ఆజ్ఞల భాష. మెమరీ 128 కిలోబైట్లే కావడంతో పేజీ నిండా బొమ్మ వెయ్యాలంటే అంగుళానికి 75 చుక్కలకు దిగిపోవలసి వచ్చేది. కార్యాలయ ఉత్తరాలకు అది చాలు. పత్రిక వేసేవాడికి చాలదు.

లేసర్‌రైటరుకంటే పెద్ద సంగతి, లైనోటైప్ వారి ఫోటో అక్షర యంత్రాలు కూడా అదే సమయంలో పోస్ట్‌స్క్రిప్ట్ నేర్చుకోవడం. లైనోట్రానిక్ 300 అంగుళానికి 2540 చుక్కలు వేస్తుంది. బల్లమీద 300 చుక్కలతో ప్రూఫు చూసుకున్న ఫైలునే, ఒక్క అక్షరం మార్చకుండా, ఆ పెద్ద యంత్రానికి ఇస్తే ఫిల్ము వస్తుంది. ఎందుకంటే ఫైలులో చుక్కల మాటే లేదు. అక్షరం అంచు వంపులు మాత్రమే ఉన్నాయి. చుక్కలు ఎన్ని వెయ్యాలో ఏ యంత్రానికి ఆ యంత్రం తేల్చుకుంటుంది. ఫోటోల విషయంలో తేడా స్పష్టంగా తెలుస్తుంది. అంగుళానికి 60 గీతల తెరతో 300 చుక్కల ప్రింటరులో ఫోటో వేస్తే ఒక్కొక్క గడిలో 5 అడ్డం 5 నిలువు చుక్కలు, అంటే తెలుపునుంచి నలుపుకు 26 మెట్లే. ముఖాలు బొగ్గుతో గీసినట్టుంటాయి. 2540లో 150 గీతల తెర వేసినా మెట్లు రెండువందలు దాటతాయి.

అడోబీ వాళ్ళు అంతా తెరిచి ఇచ్చారని నేను అనను. భాష తెరిచారు గాని, చిన్న సైజులో అక్షరం చక్కగా రావడానికి వాడే 'టైప్ 1' ఫాంటుల కిటుకులు రహస్యంగా ఉంచుకున్నారు. జిరాక్స్ చేసిన తప్పునే చిన్న ఎత్తున వీళ్ళూ చేశారని నా అభిప్రాయం. 1989లో యాపిల్, మైక్రోసాఫ్ట్ చేతులు కలిపి ట్రూటైప్ అనే పోటీ పద్ధతిని ప్రకటించాయి. అప్పుడుగాని తాళం ఊడలేదు. 1990లో టైప్ 1 వివరాలు పుస్తకంగా వచ్చాయి. ఆ కిటుకులు కూడా నిలువుకాళ్ళు, అడ్డుకాళ్ళు ఉన్న రోమను అక్షరాలకు పనికొచ్చేవి. మన అక్షరాల్లో నిలువుకాలు ఎక్కడుంది? అన్నీ గుండ్రాలే. 300 చుక్కల్లో ఎనిమిది పాయింట్ల తెలుగు వేస్తే తలకట్టు ఒకచోట తెగేది, ఇంకొకచోట పూడిపోయేది. మేము పది పాయింట్లకు దిగువన వేసేవాళ్ళం కాదు.

ఇప్పుడు నా స్వంత పొరపాటు ఒకటి చెప్పాలి. 1995లో పదవీ విరమణ చేసినవారి జ్ఞాపిక సంచిక వేశాం, ముప్పై రెండు పేజీలు. ఫైళ్ళు ఫ్లాపీలమీద ఎక్కించి, ఊళ్ళో ఒక ఫిల్ము సెంటరుకు నేనే పట్టుకెళ్ళాను. రాత్రి ఎనిమిదింటికి ఫిల్ములు వచ్చాయి. ఫోర్‌మన్‌గారు ఒకదాన్ని ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూసి, "ఏమోయ్, ఇది ఏ దేశపు తెలుగు?" అన్నారు. ఎనిమిది పేజీల నిండా, సభ్యుల పేర్లు ఉండవలసిన చోట, టైపు మిషను ముక్కల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు, ఆశ్చర్యార్థకాలు, డాలరు గుర్తులు. తెలుగు ఫాంటును ఫైలులో జతచేయడం నేను మరిచాను. ఆ ఫాంటు యంత్రం దగ్గర లేదు. లేనప్పుడు అది తన దగ్గరున్న 'కొరియర్' అనే ఫాంటు వేసేస్తుంది. మర్నాడు జతచేసి ఇచ్చాను, ఫిల్ములు మళ్ళీ తీశారు. చెడిపోయిన ఫిల్ముల డబ్బు నేను కట్టబోతే ఫోర్‌మన్‌గారు ఒప్పుకోలేదు. సంచిక ఒక రోజు ఆలస్యంగా వచ్చింది, ఎవరూ గమనించలేదు.

కాని ఆ రాత్రి నేను గమనించిన సంగతి వేరు. ఫిల్ముమీద వచ్చిన ఆ చెత్త యాదృచ్ఛికం కాదు. ఫైలులో నిజంగా ఉన్నది అదే. ఆ రోజుల్లో ఫాంటులో ఒకసారికి 256 స్థానాలే దొరికేవి. అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు అన్నీ అందులో ఇరికించడానికి, తయారీదారులు అక్షరాలను ముక్కలు చేసి, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. ఎవరి కూర్పు వారిది. ఒకరి ఫాంటులో తలకట్టు ఉన్న స్థానంలో ఇంకొకరి ఫాంటులో ఏదో ఒక వత్తు ఉంటుంది. కన్నుకు తెలుగు కనిపిస్తుంది, యంత్రానికి మాత్రం అది ఎప్పుడూ తెలుగు కాదు. దుస్తులు తెలుగువి, మనిషి ఎవరో తెలియదు. తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో తమ సొంత స్థానాలు 1991లోనే వచ్చాయి గాని, డి.టి.పి. గదుల్లోకి అవి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఈలోగా పోస్ట్‌స్క్రిప్ట్ వారసుడు వచ్చాడు. వార్నాక్ 1991లో వేసిన పథకం ప్రకారం 1993లో పి.డి.ఎఫ్. బయటికి వచ్చింది. పోస్ట్‌స్క్రిప్ట్ పూర్తి కంప్యూటరు భాష కావడంతో, మూడవ పేజీలో ఇచ్చిన ఆజ్ఞ ముప్పైయవ పేజీని మార్చివేయవచ్చు. అందుకని పేజీలను విడివిడిగా చూపడం కుదరదు. పి.డి.ఎఫ్.లో ఆ తిరుగుడు ఆజ్ఞలన్నీ తీసేసి, ప్రతి పేజీని స్వతంత్రం చేశారు. అంటే ఇంటర్‌ప్రెస్‌లోని నియమాన్నే, కంపెనీ వదిలి వచ్చిన పదకొండేళ్ళకు, మళ్ళీ తెచ్చుకున్నారు. 2008లో అది అంతర్జాతీయ ప్రమాణం అయింది. ఈ రంగంలో చెప్పుకోదగ్గ ఆ పెద్దలు ఇప్పుడు లేరు. స్టార్క్‌వెదర్ 2019లో, కిర్ష్ 2020లో, గెష్కీ 2021లో, వార్నాక్ 2023లో కాలం చేశారు.

ఇక నా చిక్కు. సూచిక కోసం 1990ల నాటి మన సంచికల ఫైళ్ళు, ఫ్లాపీలనుంచి ఎప్పుడో సి.డి.లకు మార్చి ఉంచినవి, తెరిచాను. కొన్ని పోస్ట్‌స్క్రిప్ట్, కొన్ని పి.డి.ఎఫ్. ఫాంటులు జతచేసి ఉన్నవి అద్దంలా తెరుచుకున్నాయి. ఆనాటి పేజీ ఉన్నది ఉన్నట్టు. మనుమడు పక్కన కూర్చుని, "తాతయ్యా, పేరు కొట్టి వెతుకు, ఏ పేజీలో ఉందో అదే చెబుతుంది" అన్నాడు. నేను మా ఫోర్‌మన్‌గారి పేరు కొట్టాను. ఆయన 2001లో పోయారు, ఆయనమీద ఒక సంచికలో రెండు పేజీల వ్యాసం వేశామని నాకు తెలుసు, ఆ పేజీలు కూర్చింది నేనే. ఏమీ దొరకలేదని వచ్చింది. ఆ వ్యాసం కళ్ళముందే ఉంది, పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. మనుమడు ఆ పేరును ఎత్తి ఇంకొక చోట పెట్టి చూపించాడు. ట్యూబులైటుకు ఎదురుగా చూసిన అదే చెత్త: ఇంగ్లీషు ముక్కలు, ఆశ్చర్యార్థకం, డాలరు గుర్తు.

ఆ భాషలు కట్టినవారి తప్పని దీన్ని నేను అనలేను. పేజీ ఎలా కనబడాలో చెప్పడం వారు పెట్టుకున్న పని, దాన్ని ముప్పై ఏళ్ళ తరువాత కూడా నిలబడేటట్టు చేశారు. ఏ ఆకారం ఏ అక్షరమో చెప్పే పట్టికను ఫైలులో పెట్టే వీలు 1996 నాటి పి.డి.ఎఫ్.లోనే వచ్చింది; మన ఫాంటులు చేసినవారు, వాటిని వాడిన నాబోటివారు ఆ పట్టిక సంగతి పట్టించుకోలేదు. కాగితంమీద సరిగా వస్తే చాలనుకున్నాం. అప్పట్లో ఇంకేం కావాలి? ఫాంటు జతచేయని ఫైళ్ళ గతి ఇంకా అన్యాయం. వాటికి కావలసిన టైప్ 1 ఫాంటులు ఒకవేళ ఎక్కడైనా దొరికినా, 2023 జనవరినుంచి అడోబీ వారి ప్రోగ్రాములే వాటిని తీసుకోవడం మానేశాయి.

ఆఖరికి నేను చేస్తున్నది ఏమిటంటే, ఫైళ్ళు పక్కన పెట్టి, అచ్చు సంచికలను 300 చుక్కలతో స్కాన్ చేసి, బొమ్మలోని తెలుగును యంత్రంచేత చదివించడం. శుభ్రమైన పేజీలో బాగానే చదువుతుంది. వత్తుల దగ్గర, సిరా పలచబడ్డ చోట తడబడుతుంది. ఆ తప్పులు నేను దిద్దుతున్నాను, ప్రూఫు దిద్దడం మరిచిపోలేదు. ఆజ్ఞలతో తయారైన పేజీని మళ్ళీ చుక్కలుగా మార్చి, చుక్కలలోంచి అక్షరాలు ఏరుకోవడం! 1957లో కిర్ష్‌గారు మొదలుపెట్టిన చోటికే వచ్చాను. ఇప్పటికి నలభై ఒక్క సంచికలు పూర్తయ్యాయి. ఫోర్‌మన్‌గారి పేరు కొడితే ఇప్పుడు తొమ్మిది చోట్ల కనబడుతోంది.

ఆయనమీద వ్యాసం వచ్చిన సంచిక మన కార్యాలయం బీరువాలో లేదు. ఫైలులోని బొమ్మను ముద్రించి స్కాన్ చేశాను గాని, చివరి రెండు పేజీలు ఆ ఫైలులో లేవు. అలాగే 1994 ఉగాది సంచిక, 1995 జ్ఞాపిక సంచిక, 1998లో వచ్చిన రెండు సంచికలు దొరకలేదు. సభ్యుల ఇళ్ళలో, అటకలమీద, పాత ట్రంకు పెట్టెల్లో ఏవైనా ఉంటే దయచేసి కార్యాలయానికి చేర్చండి. పిన్నులు మీరు తీయవద్దు, కాగితం చిరుగుతుంది. నేను తీసి, స్కాన్ చేసి, మళ్ళీ అదే రంధ్రాల్లో పిన్ను కొట్టి వారం రోజుల్లో మీ ఇంటికి తెచ్చి ఇస్తాను.